ఒకే కన్స్యూమర్ గ్రూపుకి మూడు రకాల లాగ్ నంబర్లు: ఏది నమ్మాలి?

క్యూ_చివర
ఒకే కన్స్యూమర్ గ్రూపు (పని పంచుకుని మెసేజ్‌లు చదివే ప్రోగ్రామ్‌ల గుంపు), ఒకే టాపిక్ (మెసేజ్‌ల వరస). మూడు చోట్ల చూస్తే మూడు లాగ్ (lag: ఇంకా చదవాల్సినవి ఎన్ని మిగిలాయో చెప్పే లెక్క) నంబర్లు వస్తున్నాయి. వారం రోజులుగా తల పట్టుకుని కూర్చున్నాను.

వాడేది కాఫ్కా, మెసేజ్‌లని దాచి ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి అందించే వ్యవస్థ. టాపిక్‌కి 24 పార్టిషన్లు (ముక్కలు), 6 కన్స్యూమర్ ఇన్‌స్టాన్సులు (చదివే ప్రోగ్రామ్ కాపీలు). పగలు సెకనుకి దాదాపు 300 మెసేజ్‌లు వస్తాయి. ప్రొడ్యూసర్ (మెసేజ్‌లు పంపే ప్రోగ్రామ్) ట్రాన్సాక్షన్లు వాడుతుంది, కన్స్యూమర్ రీడ్ కమిటెడ్ మోడ్‌లో (కమిట్ అయిన ట్రాన్సాక్షన్ల మెసేజ్‌లే ఇచ్చే మోడ్) చదువుతుంది.

కాఫ్కాతో పాటు వచ్చే కన్స్యూమర్ గ్రూప్స్ కమాండ్ కొడితే, రాత్రి ట్రాఫిక్ అసలు లేనప్పుడు కూడా మొత్తం లాగ్ 24 అంటుంది. ఎన్ని గంటలు ఆగినా 24 దగ్గర నుంచి కదలదు. అదే సమయంలో కన్స్యూమర్ క్లయింట్ ఇచ్చే రికార్డ్స్ లాగ్ మ్యాక్స్ మెట్రిక్ మాత్రం 0. మేం సొంతంగా రాసుకున్న ఎక్స్‌పోర్టర్ (లాగ్ లెక్కించి డ్యాష్‌బోర్డ్‌కి పంపే ప్రోగ్రామ్) పగటిపూట కొన్ని పార్టిషన్లకి −300 దాకా చూపిస్తుంది. లాగ్ మైనస్‌లోకి ఎలా వెళ్తుంది? ఇంకా రాని మెసేజ్‌ని ముందే చదివేశామా?

అసలు బాధ వేరే ఉంది. పగలు ఈ మూడింట్లో ఏది చూసినా లాగ్ కొన్ని వందలు దాటదు. మా డేటా వాడేవాళ్లేమో రద్దీ సమయంలో ప్రతి మార్పూ పది నిమిషాలు ఆలస్యంగా కనిపిస్తోందని అంటున్నారు. నేను డ్యాష్‌బోర్డ్ చూపిస్తే వాళ్లు గడియారం చూపిస్తున్నారు. ఇద్దరిలో ఎవరిది తప్పు?

బ్యాచ్_500
24 పార్టిషన్లు, లాగ్ 24. ఒక్కో పార్టిషన్‌కి సరిగ్గా 1 ఉందేమో చూడండి.

క్యూ_చివర
చూశాను. అన్నింటికీ 1.

వాటర్‌మార్క్
అయితే అది ట్రాన్సాక్షన్ మార్కర్. ప్రొడ్యూసర్ ట్రాన్సాక్షన్ కమిట్ చేసినా, అబార్ట్ చేసినా, ఆ ట్రాన్సాక్షన్ తాకిన ప్రతి పార్టిషన్ చివరా బ్రోకర్ (కాఫ్కా సర్వర్) ఒక కంట్రోల్ రికార్డ్ రాస్తుంది. అది మీ కోడ్‌కి ఎప్పుడూ కనిపించదు, కానీ ఒక ఆఫ్‌సెట్‌ని (పార్టిషన్‌లో వరస నంబర్‌ని) ఆక్రమిస్తుంది.

మీ ఆఖరి మెసేజ్ ఆఫ్‌సెట్ 999 అనుకోండి. 1000లో మార్కర్ ఉంటుంది. పార్టిషన్ చివర 1001. మీరు మెసేజ్ ఆఫ్‌సెట్‌కి ఒకటి కలిపి చేత్తో కమిట్ చేస్తుంటే (తర్వాత ఎక్కడి నుంచి చదవాలో కాఫ్కాలో రాసి పెడుతుంటే) 1000 కమిట్ అవుతుంది. 1001 లోంచి 1000 తీసేస్తే 1. కొత్త మెసేజ్ వచ్చేదాకా అది అలాగే ఉంటుంది.

క్లయింట్ మెట్రిక్ 0 ఎందుకంటే, అది కమిట్ అయిన ఆఫ్‌సెట్‌ని చూడదు. కన్స్యూమర్ చదివే పొజిషన్‌ని చూస్తుంది. ఆ పొజిషన్ మార్కర్‌ని దాటేసింది. కమిట్‌కి ఆఫ్‌సెట్ ఏమీ ఇవ్వకుండా పిలిస్తే పొజిషనే కమిట్ అవుతుంది కాబట్టి ఈ 1 రాదు. మీరు కమిట్ ఎలా చేస్తున్నారు?

క్యూ_చివర
అవును, చేత్తోనే. ఆఫ్‌సెట్ ప్లస్ ఒకటి. సరిగ్గా మీరు చెప్పినట్టే ఉంది.

ఆన్‌కాల్_రాత్రి
ఆ −300 సంగతి నేను చెప్తాను, మేమూ ఇదే తప్పు చేశాం. మీ ఎక్స్‌పోర్టర్ పార్టిషన్ చివరి ఆఫ్‌సెట్‌ని ముందు తెచ్చుకుని, కమిటెడ్ ఆఫ్‌సెట్‌ని తర్వాత అడుగుతోందా? లేక చివరి ఆఫ్‌సెట్‌ని క్యాష్‌లో పెట్టుకుందా?

క్యూ_చివర
క్యాష్ ఉంది. చివరి ఆఫ్‌సెట్లు 30 సెకన్లకోసారి తెస్తాం, కమిటెడ్ 10 సెకన్లకోసారి. బ్రోకర్ మీద లోడ్ తగ్గుతుందని అలా పెట్టాం.

ఆన్‌కాల్_రాత్రి
అదే. సెకనుకి 300 అంటే పార్టిషన్‌కి సెకనుకి 12 పైనే. 25 సెకన్ల పాత చివరి ఆఫ్‌సెట్‌లోంచి ఇప్పటి కమిటెడ్ ఆఫ్‌సెట్ తీసేస్తే −300 వస్తుంది. ముందు కమిటెడ్ అడగండి, ఆ వెంటనే చివరిది అడగండి. అప్పుడు పొరపాటు ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది: లాగ్ కాస్త ఎక్కువ కనిపించవచ్చు, మైనస్ మాత్రం రాదు. క్యాష్ తీసేయండి.

ఇంకొక మాట. చాలా టూల్స్ మైనస్ వస్తే దాన్ని 0 చేసి చూపిస్తాయి. ఆ 0 చూసి నిశ్చింతగా ఉంటాం. మీది మైనస్ చూపించింది కాబట్టే తప్పు బయటపడింది.

సగటు_వద్దు
ఇక్కడిదాకా అందరూ చెప్పింది నిజమే, కానీ పది నిమిషాల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 24, 0, −300 ఈ మూడూ సరిచేసినా ఆ పది నిమిషాలు ఎక్కడికీ పోవు. మెసేజ్‌ల లెక్క మానేసి టైమ్‌లో కొలవండి. వాడేవాళ్లకి కావలసింది సెకన్లు, ఆఫ్‌సెట్లు కాదు.

బ్యాచ్_500
నేను ఒప్పుకోను. టైమ్ లాగ్ అన్నిచోట్లా పనిచేయదు. మేం "ఇప్పటి సమయంలోంచి ఆఖరుగా చదివిన మెసేజ్ టైమ్‌స్టాంప్ తీసేయడం" అని లెక్క పెట్టాం. రాత్రి ట్రాఫిక్ ఆగిపోగానే లాగ్ నిమిషాలు, గంటలు పెరుగుతూ పోయింది. చదవాల్సింది ఒక్కటి కూడా లేదు, కానీ అలర్ట్ మోగుతూనే ఉంది. ఆఫ్‌సెట్ లెక్కలో ఈ గోల ఉండదు.

సగటు_వద్దు
అది కొలిచిన తీరులో తప్పు. చదివేసిన మెసేజ్ వయసు కాదు కొలవాల్సింది, ఇంకా చదవని వాటిలో అన్నిటికంటే పాతదాని వయసు. చదవనిది ఏదీ లేకపోతే లాగ్ 0, అంతే. ముందు ఆఫ్‌సెట్ తేడా చూడాలి, అది 0 కాకపోతేనే వయసు లెక్క. అమెజాన్ ఎస్‌క్యూఎస్ అనే క్యూ సేవలో "అన్నిటికంటే పాత మెసేజ్ వయసు" అనే మెట్రిక్ సరిగ్గా ఇదే ఆలోచన. అమెజాన్‌దే ఇంకో సేవ కినెసిస్‌లో ఇటరేటర్ ఏజ్ అని మిల్లీసెకన్లలో ఇస్తారు.

బ్యాచ్_500
కాఫ్కాలో ఆ పాత మెసేజ్ వయసు బ్రోకర్ తనంతట తాను చెప్పదు కదా. కమిటెడ్ ఆఫ్‌సెట్ దగ్గర ఉన్న మెసేజ్‌ని నిజంగా వెళ్లి చదవాలి. వందల గ్రూపులు, వేల పార్టిషన్లు ఉంటే పది సెకన్లకోసారి ఆ పని ఎవరు చేస్తారు?

వాటర్‌మార్క్
మధ్యేమార్గం ఉంది. ప్రతి కొన్ని సెకన్లకి "ఈ సమయానికి పార్టిషన్ చివర ఇంత" అని ఒక పట్టిక రాసుకుంటూ పోవాలి. కమిటెడ్ ఆఫ్‌సెట్ ఆ పట్టికలో ఏ రెండు గీతల మధ్య పడుతుందో చూసి, అది పుట్టిన సమయాన్ని అంచనా కట్టాలి. కాఫ్కా లాగ్ ఎక్స్‌పోర్టర్ అనే టూల్ ఇలాగే చేస్తుంది. ఒక్క మెసేజ్ కూడా చదవనక్కర్లేదు. ట్రాఫిక్ ఉన్నట్టుండి పెరిగినా, తగ్గినా మధ్య అంచనా కొంచెం తప్పుతుంది. పట్టిక మొదలవక ముందు నుంచే వెనకబడిన కన్స్యూమర్‌కి లెక్క ఊహే అవుతుంది. అది తెలిసి వాడితే చాలు.

పాత_ఆపరేటర్
క్యూ_చివర గారూ, ఎక్స్‌పోర్టర్ మార్చే ముందు ఒక చిన్న గుణకారం చేద్దాం.

1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒకటుంది: నిలకడగా నడిచే వ్యవస్థలో సగటున ఉండే వస్తువుల సంఖ్య = అవి వచ్చే వేగం × ఒక్కోటీ లోపల గడిపే సమయం. మీకు సెకనుకి 300 వస్తున్నాయి. వాడేవాళ్లు పది నిమిషాలు, అంటే 600 సెకన్లు అంటున్నారు. వాళ్లు చెప్పేది నిజమైతే, మార్పు పుట్టిన చోటుకీ అది కనిపించే చోటుకీ మధ్య ఎక్కడో 300 × 600 = 1,80,000 మెసేజ్‌లు ఆగి ఉండాలి.

కాఫ్కాలో మీకు కనిపిస్తున్నవి కొన్ని వందలు. మిగతా లక్షా డెబ్భై తొమ్మిది వేల చిల్లర ఎక్కడున్నాయి? కాఫ్కాకి రాకముందు ఉండాలి, లేదా కమిట్ అయ్యాక ఉండాలి. మూడో చోటు లేదు. అక్కడ వెతకండి.

సగటు_వద్దు
ఇది బాగుంది. కాఫ్కాకి ముందు అని నా అనుమానం. ప్రొడ్యూసర్ ఏదైనా టేబుల్‌లోంచి వరసగా తీసి పంపుతోందేమో, అది వెనకబడి ఉండవచ్చు.

హీప్_డంప్
నా అనుమానం రెండోది. చేత్తో కమిట్ చేసేవాళ్లు చాలామంది మెసేజ్‌ని థ్రెడ్ పూల్‌కి (పక్కన పనిచేసే థ్రెడ్ల గుంపుకి) ఇచ్చేసి వెంటనే కమిట్ చేస్తారు.

ఊహలెందుకు, కొలిచేయండి. ఒక్కో మెసేజ్‌కి నాలుగు సమయాలు రాసుకోండి: మార్పు జరిగిన సమయం (మెసేజ్ లోపల ఉంటే), మెసేజ్ టైమ్‌స్టాంప్, పోల్ (కాఫ్కాని మెసేజ్‌లు అడిగే పిలుపు) నుంచి మీ చేతికొచ్చిన సమయం, డేటాబేస్‌లో రాయడం పూర్తయిన సమయం. వెయ్యికి ఒక మెసేజ్ చాలు. ఒక గంట నడపండి. టాపిక్‌లో టైమ్‌స్టాంప్ క్రియేట్ టైమా, లాగ్ అపెండ్ టైమా (ఇక్కడ లాగ్ అంటే log, మెసేజ్‌ల చిట్టా) అన్నది ముందు చూసుకోండి. మొదటిది ప్రొడ్యూసర్ గడియారం, రెండోది బ్రోకర్ గడియారం. మెషీన్ల గడియారాలు కలవకపోతే ఇక్కడా మైనస్‌లు చూస్తారు.

చిన్న_పోల్
ఈలోగా నా కథ చెప్తాను, లాగ్ 0 అని నమ్మి మునిగిన కథ.

ఒక గ్రూపుని కొన్నాళ్లు ఆపేశాం. పదో రోజు మళ్లీ మొదలెట్టాం. లాగ్ 0. ఇంత త్వరగా అందుకుందా అని అందరం సంబరపడ్డాం. నిజానికి అది ఏమీ చదవలేదు. గ్రూపులో ఎవరూ లేకపోతే కమిటెడ్ ఆఫ్‌సెట్లు కొంతకాలానికి చెరిగిపోతాయి. కాఫ్కా 2.0 నుంచి డిఫాల్ట్‌గా 7 రోజులు, అంతకు ముందు 1 రోజే. ఆఫ్‌సెట్ దొరకనప్పుడు ఎక్కడ మొదలెట్టాలో చెప్పే సెట్టింగ్ డిఫాల్ట్ లేటెస్ట్. కాబట్టి కన్స్యూమర్ నేరుగా చివరికి దూకింది. పది రోజుల మెసేజ్‌లు టాపిక్‌లోనే ఉన్నాయి, మేమే దాటేశాం.

అప్పటి నుంచి లాగ్ ఎంత వేగంగా తగ్గిందన్నది కూడా చూస్తాను. మా కన్స్యూమర్ సెకనుకి చదవగలిగేదాని కంటే వేగంగా లాగ్ పడిపోతే, అది అందుకోవడం కాదు, పోగొట్టుకోవడం. రిటెన్షన్ (మెసేజ్‌లు దాచి ఉంచే గడువు) దాటి పాత మెసేజ్‌లు డిలీట్ అయినప్పుడు కూడా లాగ్ ఇలాగే హఠాత్తుగా పడుతుంది.

ఆన్‌కాల్_రాత్రి
దీనికి తమ్ముడి లాంటిది ఇంకొకటి. ఒక పార్టిషన్‌కి కమిటెడ్ ఆఫ్‌సెట్ లేకపోతే కమాండ్ లాగ్ కాలమ్‌లో నంబర్ ఇవ్వదు, ఒక అడ్డగీత పెడుతుంది. మా స్క్రిప్ట్ ఆ అడ్డగీతని 0గా చదివింది. ఒక పార్టిషన్‌లో మొదటి మెసేజ్ దగ్గరే కన్స్యూమర్ కూలిపోతోంది, ఎప్పటికీ కమిట్ చేయట్లేదు. మొత్తం లాగ్‌లో మాత్రం ఆ పార్టిషన్ ఆరోగ్యంగా కనిపించింది. "తెలియదు" అనేది 0 కాదు. ఆ రెండిటికీ డ్యాష్‌బోర్డ్‌లో వేరే రంగు ఉండాలి.

క్యూ_చివర
హీప్_డంప్ గారు చెప్పినట్టు కొలిచాను. గంటసేపు, రద్దీ సమయంలో.

మార్పు జరిగిన సమయం నుంచి మెసేజ్ టైమ్‌స్టాంప్ దాకా: 1 సెకను లోపే. కాబట్టి ప్రొడ్యూసర్ వైపు ఏమీ లేదు.
టైమ్‌స్టాంప్ నుంచి పోల్ దాకా: 2 సెకన్లు. ప్రొడ్యూసర్ ట్రాన్సాక్షన్ కమిట్ చేసేదాకా మాకు కనిపించదు కాబట్టి ఆ మాత్రం ఉంటుంది.
పోల్ నుంచి డేటాబేస్‌లో రాయడం పూర్తయ్యేదాకా: 590 సెకన్ల పైన.

కోడ్ తెరిచాను. పోల్ చేసిన మెసేజ్‌ని మెమరీలో ఒక క్యూలో పెడతాం, పెట్టగానే కమిట్ చేస్తాం. డేటాబేస్‌లో రాసే థ్రెడ్లు వేరే. ఆ క్యూకి హద్దు లేదు. ఆరు ఇన్‌స్టాన్సుల్లో దాని పొడవు చూశాను. ఒక్కోదాంట్లో 29,000 నుంచి 31,000. మొత్తం కలిపితే 1,78,400.

పాత_ఆపరేటర్ గారి గుణకారానికి ఇంత దగ్గరగా వస్తుందని అనుకోలేదు. చూసి కాసేపు మాట రాలేదు.

పాత_ఆపరేటర్
సూత్రం గొప్పది, నేను చేసింది ఎక్కం చదవడమే.

హీప్_డంప్
ఆలస్యం సంగతి పక్కన పెట్టండి, ఇది అంతకంటే పెద్దది. ఆ 1,78,400 మెసేజ్‌లు కమిట్ అయిపోయాయి. కాఫ్కా దృష్టిలో వాటి పని అయిపోయింది. ఇప్పుడు ఒక ఇన్‌స్టాన్స్ కూలిపోతే దాని క్యూలో ఉన్న ముప్పై వేలు మళ్లీ రావు. మీరు కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు ఏం జరుగుతోంది? క్యూ ఖాళీ అయ్యేదాకా ఆగుతున్నారా?

క్యూ_చివర
30 సెకన్లు ఆగి ఆపేస్తాం.

హీప్_డంప్
30 సెకన్లలో పది నిమిషాల పని అవ్వదు. రద్దీ వేళ పెట్టిన ప్రతిసారీ డేటా పోయింది.

క్యూ_చివర
ఇప్పుడే వెనక్కి వెళ్లి చూశాను. మాకు ప్రతి వారం రెండు వైపులా డేటా సరిపోల్చే జాబ్ ఒకటి ఉంది. కొన్ని వారాలు అది కొన్ని వేల వరసలు తక్కువ చూపిస్తుంది, మేం వాటిని చేత్తో నింపుతాం. పంపేవాళ్ల వైపు తప్పని అనుకుంటూ ఉన్నాం, వాళ్లతో వాదించాం కూడా. పగలు డిప్లాయ్ చేసిన వారాలూ, తక్కువ వచ్చిన వారాలూ ఒకటే. వాళ్లకి క్షమాపణ చెప్పి వచ్చాను. రాత్రి తప్ప డిప్లాయ్ చేయొద్దని మా టీమ్‌కి చెప్పాను, కోడ్ మారేదాకా.

సగటు_వద్దు
ప్రొడ్యూసర్ వైపు అన్న నా అనుమానం తప్పని తేలింది. సంతోషం.

స్ట్రీమ్_పక్క
కమిట్ అయిన ఆఫ్‌సెట్ అంటే "పని అయింది" అని కాదు, "రీస్టార్ట్ అయితే ఇక్కడి నుంచి మొదలెడతాను" అని మాత్రమే. ఈ తేడా ఫ్లింక్ (వస్తున్న డేటాని వచ్చినట్టే ప్రాసెస్ చేసే టూల్) వాడేవాళ్లకి ఇంకోలా తగులుతుంది. ఫ్లింక్ చెక్‌పాయింట్ (తన స్థితిని దాచుకోవడం) పూర్తయినప్పుడు మాత్రమే కాఫ్కాకి ఆఫ్‌సెట్ కమిట్ చేస్తుంది. చెక్‌పాయింట్ ఐదు నిమిషాలకోసారి అయితే లాగ్ గ్రాఫ్ రంపం పళ్లలా ఉంటుంది: ఐదు నిమిషాలు పెరిగి, ఒక్కసారిగా పడిపోయి, మళ్లీ పెరిగి. జాబ్ మాత్రం చక్కగా నడుస్తూనే ఉంటుంది. తిరిగి లేచేటప్పుడు కూడా అది తన చెక్‌పాయింట్‌లోని ఆఫ్‌సెట్లనే నమ్ముతుంది, కాఫ్కాలోవి కాదు. స్పార్క్ స్ట్రక్చర్డ్ స్ట్రీమింగ్ అయితే కాఫ్కాకి అసలు కమిటే చేయదు, ఆఫ్‌సెట్లు తన చెక్‌పాయింట్‌లో దాచుకుంటుంది. కాబట్టి వీటికి బయటి నుంచి కొలిచే లాగ్ ఒకటి తప్పుగా ఉంటుంది, ఒకటి ఉండనే ఉండదు.

బ్యాచ్_500
క్యూ_చివర గారి సమస్య కాఫ్కాకే పరిమితం కాదు. రాబిట్ ఎంక్యూ అనే ఇంకో మెసేజ్ వ్యవస్థలో ప్రీఫెచ్ హద్దు (అక్నాలెడ్జ్ రాకముందే ఎన్ని పంపవచ్చో) పెట్టకపోతే బ్రోకర్ ఉన్నవన్నీ కన్స్యూమర్ మీద కుమ్మరిస్తుంది. రెడీ (ఇంకా పంపనివి) లెక్క 0 చూపిస్తుంది. అవన్నీ అన్‌అక్నాలెడ్జ్‌డ్ (పంపినా, పని అయిందని కన్స్యూమర్ ఇంకా చెప్పనివి) లెక్కలోకి వెళ్లి ఉంటాయి. రెండూ కలిపి చూడాలి. ఒక విషయంలో అది మేలు: అక్నాలెడ్జ్ చేయని మెసేజ్ కన్స్యూమర్ చచ్చిపోతే తిరిగి క్యూలోకి వస్తుంది, పోదు.

పల్సర్ అనే ఇంకో మెసేజ్ వ్యవస్థలో బ్యాక్‌లాగ్ (మిగిలిన పని) ఎంట్రీలలో లెక్కిస్తారు. బ్యాచింగ్ ఉంటే ఒక ఎంట్రీ అంటే ఒక బ్యాచ్. బ్యాక్‌లాగ్ 100 అంటే వంద మెసేజ్‌లు కావచ్చు, పది వేలు కావచ్చు.

సగటు_వద్దు
నేనూ అదే చెప్తున్నాను కదా. యూనిట్ ఏమిటో తెలియని లెక్క కంటే సెకన్లు మేలు.

బ్యాచ్_500
సరే, ఇంతవరకు ఒప్పుకుంటున్నాను: మనుషులకి చూపించేది సెకన్లు. కానీ కెపాసిటీ లెక్కకి మెసేజ్‌లే కావాలి. వెనకబడిన కన్స్యూమర్ ఎప్పటికి అందుకుంటుంది? లాగ్‌ని (చదివే వేగం మైనస్ వచ్చే వేగం)తో భాగించాలి. 1,80,000 లాగ్, చదివే వేగం 400, వచ్చే వేగం 300 అయితే 1,800 సెకన్లు, అంటే అరగంట. టైమ్ లాగ్ ఒక్కటే చూస్తే ఈ అరగంట కనిపించదు.

సగటు_వద్దు
ఒప్పుకున్నాను. రెండూ ఉండాలి.

వాటర్‌మార్క్
రీడ్ కమిటెడ్ వాడుతున్నారు కాబట్టి ఇంకొకటి చూసుకోండి. ఏదైనా ట్రాన్సాక్షన్ మధ్యలో వేలాడిపోతే, దాని తర్వాత వచ్చిన మెసేజ్‌లు ఎన్ని ఉన్నా రీడ్ కమిటెడ్ కన్స్యూమర్‌కి ఇవ్వరు. ఎక్కడిదాకా ఇస్తారో ఆ గీత పేరు లాస్ట్ స్టేబుల్ ఆఫ్‌సెట్. ఈ మోడ్‌లో క్లయింట్ మెట్రిక్ లాగ్‌ని ఆ గీత నుంచే కొలుస్తుంది. అంటే గీత ఆగిపోతే కన్స్యూమర్ గీత దగ్గర నిలబడి "లాగ్ 0" అంటుంది. వెనక మెసేజ్‌లు పేరుకుంటూ ఉంటాయి. హై వాటర్‌మార్క్ (పూర్తికాని ట్రాన్సాక్షన్లవి కూడా కలిపిన పార్టిషన్ చివర) నుంచి కొలిచే బయటి టూల్‌లో మాత్రం లాగ్ పెరుగుతూ కనిపిస్తుంది.

అందుకే ఆ రెండు నంబర్లలో ఒకదాన్ని తీసేయకండి. రెండిటి మధ్య తేడాని కూడా గ్రాఫ్‌లో పెట్టండి. తేడా పెరిగితే ట్రాన్సాక్షన్ ఎక్కడో ఇరుక్కుందని అర్థం. మేం ఒకసారి నాలుగు గంటలు కన్స్యూమర్ కోడ్‌లో తప్పు వెతికాం, తప్పు అక్కడ లేదు.

చిన్న_పోల్
కంపాక్షన్ (ఒక్కో కీకి, అంటే మెసేజ్ గుర్తుకి, ఆఖరి మెసేజ్ ఉంచి పాతవి తీసేయడం) ఉన్న టాపిక్‌లకి కూడా చెప్పండి ఎవరైనా.

వాటర్‌మార్క్
కంపాక్ట్ అయ్యాక మధ్యలో ఆఫ్‌సెట్లు ఖాళీ అవుతాయి. ఆఫ్‌సెట్ తేడా లక్ష ఉన్నా చదవాల్సినవి పదివేలే ఉండవచ్చు. అక్కడ లాగ్ అంటే "ఇంతకంటే ఎక్కువ లేవు" అని మాత్రమే.

క్యూ_చివర
కోడ్ మార్చి పెట్టాం. మెమరీ క్యూకి 1,000 హద్దు. నిండితే ఆ పార్టిషన్లని పాజ్ చేస్తాం, పోల్ మాత్రం పిలుస్తూనే ఉంటాం, ఖాళీ అయ్యాక రెజ్యూమ్. రాయడం పూర్తయ్యాకే కమిట్.

పెట్టిన మర్నాడు పొద్దున్నే లాగ్ 1,70,000 చూపించింది. మా మేనేజర్ కంగారుగా వచ్చారు: "నిన్నటిదాకా వందల్లో ఉంది, మీరు బాగు చేశాక లక్షల్లోకి వెళ్లింది, వెనక్కి తీసేయండి" అని. ఆ లక్షా డెబ్భై వేలు ముందు నుంచీ ఉన్నాయనీ, ఇదివరకు మెమరీలో దాగి ఉండేవి ఇప్పుడు భద్రంగా బ్రోకర్‌లో ఉన్నాయనీ చెప్పడానికి అరగంట పట్టింది. ఆ నాలుగు సమయాల పట్టిక ముందు పెట్టాక ఒప్పుకున్నారు. ఇంత ప్రమాదకరమైన లాగ్ వందల్లో కనిపించి, భద్రంగా ఉన్న లాగ్ లక్షల్లో కనిపించడం నాకే ఇంకా మింగుడు పడట్లేదు.

హీప్_డంప్
రెండు జాగ్రత్తలు. ఒకటి, పాజ్ చేసిన పార్టిషన్‌కి క్లయింట్ లాగ్ మెట్రిక్ తాజాగా మారదు, ఎందుకంటే ఫెచ్ జరగడం లేదు. కాబట్టి ఇకపై మీకు బయటి కొలత తప్పనిసరి.

రెండు, థ్రెడ్ పూల్‌లో పనులు వరసగా పూర్తవ్వవు. 100 పూర్తికాకుండా 101 నుంచి 150 దాకా పూర్తయితే మీరు 100 దగ్గరే కమిట్ ఆపాలి. లేకపోతే పాత తప్పే చిన్న రూపంలో తిరిగొస్తుంది. అలా ఆపినప్పుడు ఒక్క నెమ్మది మెసేజ్ వల్ల లాగ్ 51 అనిపిస్తుంది, నిజానికి మిగిలింది 1. ఇదివరకు లాగ్ తక్కువ చూపేది, ఇప్పుడు కాస్త ఎక్కువ చూపుతుంది. ఎక్కువ చూపడమే మంచిది.

క్యూ_చివర
వరస సంగతి చూసుకున్నాం. పాజ్ సంగతి తెలియదు, అలర్ట్ ఇంకా క్లయింట్ మెట్రిక్ మీదే ఉంది. ఇవాళే మారుస్తాను. అలర్ట్‌కి ఎంత హద్దు పెట్టాలి? 1,000? 10,000?

ఆన్‌కాల్_రాత్రి
స్థిరమైన హద్దు ఏది పెట్టినా రాత్రి నిద్ర పాడవుతుంది, నాకు అనుభవం. ట్రాఫిక్ ఒక్కసారి పెరిగితే లాగ్ 10,000 దాటుతుంది, రెండు నిమిషాల్లో అదే సర్దుకుంటుంది. ఇంకోవైపు చిన్న పార్టిషన్ ఒకటి 40 దగ్గర చచ్చిపోయి ఉన్నా హద్దు దాటదు.

లింక్డిన్ వాళ్లు 2015లో బయటపెట్టిన బర్రో అనే టూల్ ఈ హద్దుల గొడవ లేకుండా చూస్తుంది. ఒక్కో పార్టిషన్‌కి ఈమధ్య వచ్చిన కమిట్లని వరసగా పెట్టుకుంటుంది. కమిట్లు వస్తున్నాయి కానీ ఆఫ్‌సెట్ కదలట్లేదు, లాగ్ ఉంది: ఇరుక్కుంది. కమిట్లే రావట్లేదు: ఆగిపోయింది. ఆఫ్‌సెట్ కదులుతోంది కానీ లాగ్ ప్రతిసారీ పెరుగుతోంది: వెనకబడుతోంది. ఒక్కసారైనా 0కి వచ్చిందా, బాగుంది. మీ 24 మార్కర్ల లాంటి గ్రూపు ఎప్పటికీ 0కి రాదు కాబట్టి అక్కడ మాత్రం కొంచెం చూసి పెట్టుకోవాలి.

మేం ఈ పద్ధతికి తోడు ఒకే ఒక్క టైమ్ హద్దు పెట్టాం. వాడేవాళ్లకి మాటిచ్చిన సమయంలో సగం దాటితే మోగుతుంది. అన్ని పార్టిషన్ల మొత్తం మీద కాదు, అన్నిటికంటే వెనకబడిన పార్టిషన్ మీద.

సగటు_వద్దు
చివరి వాక్యానికి రెండు చేతులా దండం. 23 పార్టిషన్లు 0 దగ్గర, ఒకటి 12,000 దగ్గర ఉంటే సగటు 500. ఆ ఒక్క పార్టిషన్‌లో కీ ఉన్నవాళ్లకి సగటుతో ఏం పని?

బ్యాచ్_500
పేరు సార్థకం చేసుకున్నారు.

స్ట్రీమ్_పక్క
లాగ్ చూసి ఆటోస్కేల్ చేద్దామని (కన్స్యూమర్లు వాటంతట అవే పెరిగేలా పెడదామని) తర్వాత ఎవరైనా అంటారు, ముందే చెప్తున్నాను. 24 పార్టిషన్లకి 24 కంటే ఎక్కువ కన్స్యూమర్లు పెడితే మిగతావి ఖాళీగా కూర్చుంటాయి. పైగా ప్రతి కొత్త ఇన్‌స్టాన్స్ చేరినప్పుడు రీబ్యాలెన్స్ (పార్టిషన్లని మళ్లీ పంచడం) జరుగుతుంది, ఆ కాసేపు చదవడం నెమ్మదించి లాగ్ ఇంకా పెరుగుతుంది, పెరిగిన లాగ్ చూసి స్కేలర్ ఇంకోటి పెడుతుంది. మీ అడ్డంకి డేటాబేస్ కాబట్టి కన్స్యూమర్లు పెంచితే డేటాబేస్ మీద ఇంకా భారం.

క్యూ_చివర
అవును, అడ్డంకి డేటాబేసే. ఒక్కో మెసేజ్‌కి ఒక్కో రైట్ చేసేవాళ్లం, ఇప్పుడు 200 ఒకేసారి రాస్తున్నాం. నిన్న రద్దీలో అన్నిటికంటే వెనకబడిన పార్టిషన్ 14 సెకన్లు. ఇన్‌స్టాన్సులు ఆరే.

పగలే డిప్లాయ్ చేసి చూశాం. సరిపోల్చే జాబ్‌ని ఆ వెంటనే నడిపాను. తక్కువ వచ్చిన వరసలు 0.

ఆన్‌కాల్_రాత్రి
ఆ −300?

క్యూ_చివర
క్యాష్ తీసేసి, కమిటెడ్ ముందు, చివరిది తర్వాత అడుగుతున్నాం. నాలుగు రోజులుగా ఒక్క మైనస్ రాలేదు. 24 మాత్రం అలాగే ఉంది, దాని పక్కన "మార్కర్లు" అని రాసి పెట్టాను.